సర్కారు కంపెనీ అయితే.. నోటిఫికేషన్ ఎందుకు?

గ్రూప్ డిస్కషన్‌లో ‘ప్రభుత్వాన్ని వ్యాపార సంస్థలా నడపాలా?’ అనే అంశం వచ్చిందనుకోండి. పది మందిలో ఏడెనిమిది మంది ‘నడపాలి సార్’ అనే మొదలుపెడతారు. ఎయిరిండియా నష్టాలు, కదలని ఫైళ్లు, లంచ్ టైమ్ దాటినా ఖాళీగా ఉండే కుర్చీలు.. ఉదాహరణలకు కొదవుండదు.

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. తెలంగాణ గ్రూప్-1 సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్, పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాస్తే, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్! అశోక్‌నగర్‌లో అద్దె కట్టుకుంటూ చదివినవాళ్లను అడగండి, ఆ రెండేళ్ల ఖరీదెంతో చెబుతారు. ‘అదే కంపెనీ అయితే మూడు రౌండ్లలో తేల్చేసేది కదా’ అనిపించడం సహజం.

తేల్చేసేది, నిజమే. కానీ అసలు ఎవరిని పిలవాలో కూడా కంపెనీయే తేల్చుకుంటుంది. ఫలానా కాలేజీలకే క్యాంపస్‌కు వెళ్తామంటుంది. 60 శాతం లేకపోతే, బ్యాక్‌లాగ్ ఉంటే రావొద్దంటుంది. మా ఉద్యోగి రిఫర్ చేసినవాళ్లను ముందు చూస్తామంటుంది. దాని డబ్బు, దాని ఇష్టం. మీ కాలేజీకి ఏ కంపెనీ రాలేదని కోర్టుకు వెళ్లగలరా?

ప్రభుత్వానికి ఆ వెసులుబాటు లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం ఉండాలంటోంది. దొడ్డిదారిన చేరినవాళ్లకు పర్మినెంట్ చేయమని అడిగే హక్కు ఉండదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటిఫికేషన్, రోస్టర్, కీ మీద అభ్యంతరాలు.. మీరు విసుక్కునే ఈ తతంగంలో చాలా భాగం, చెప్పుకోవడానికి ఏ పెద్దమనిషీ లేనివాళ్ల కోసం పెట్టిందే. నోటిఫికేషన్‌లో చెప్పిన బయోమెట్రిక్ అమలు చేయలేదని 2023లో కోర్టుకెళ్లి గెలిచింది కూడా అభ్యర్థులే. కంపెనీ మీద అలా గెలవడం అయ్యే పనేనా?

అలాగని ఆలస్యాన్ని వెనకేసుకు రావడం లేదు. యూపీఎస్సీ కూడా సర్కారుదే. ఏ పరీక్ష ఏ రోజో ముందే క్యాలెండర్ వేస్తుంది, చాలావరకు దానికి కట్టుబడుతుంది. కాబట్టి జాప్యానికి మందు లాభనష్టాల లెక్క కాదు, పని చేయడం.

వ్యాపారం నుంచి తెచ్చుకోదగ్గవి ఉన్నాయి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లుంటే గమనించే ఉంటారు. టోకెన్ తీసుకుని ‘ఎ’ కౌంటర్‌కు వెళ్తే ఫొటో, వేలిముద్రలు, పత్రాలు తీసుకునేది టీసీఎస్ సిబ్బంది. ‘బి’, ‘సి’ కౌంటర్లలో కూర్చునేది ప్రభుత్వ ఉద్యోగులు. క్యూ నడపడం కంపెనీకి ఇచ్చారు, ఇవ్వాలా వద్దా అని తేల్చే అధికారం మాత్రం చట్టం దగ్గరే ఉంచుకున్నారు. నా ఓటు ఈ పద్ధతికే.

ఇంకో సంగతి. సర్కారు కంపెనీలా ఆలోచించడం మొదలుపెడితే ముందుగా తగ్గించే ఖర్చు జీతాలే. రెగ్యులర్ పోస్టు కాస్తా ఏజెన్సీ ద్వారా ఔట్‌సోర్సింగ్ అవుతుంది. ఈ పోస్టుకు చాలాసార్లు పోటీ పరీక్షే ఉండదు. ‘కంపెనీలా నడపాలి’ అని జీడీలో గట్టిగా వాదించి, గదికొచ్చి గ్రూప్-2 పుస్తకం తెరిచే మిత్రులు ఈ ముక్క కాస్త ఆలోచించాలి.

‘మరి నష్టాలు ఎవరు భరించాలి?’ అని ప్యానెల్ అడుగుతుంది. అడగాలి కూడా. జవాబు ఆర్టీసీలో దొరుకుతుంది. పది మంది ఎక్కే పల్లె రూటును ప్రైవేటు ఆపరేటర్ అయితే మానేస్తాడు. ఆ బస్సు నడవాలనుకుంటే దాని ఖర్చు బడ్జెట్‌లో చూపించి, సభలో చర్చించి, సంస్థకు సకాలంలో కట్టాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణంలో జీరో టికెట్ కొట్టేది ఇందుకే, ఆ లెక్క ప్రకారం ఆర్టీసీకి ప్రభుత్వం చెల్లించాలి కాబట్టి. ఆ పథకం మంచిదా కాదా అంటారా? అది వేరే జీడీ, దానికి ఇంకో పదిహేను నిమిషాలు కావాలి.