గ్రామాభివృద్ధి కమిటీ పెద్దలకు

నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లోని గ్రామాభివృద్ధి కమిటీల పెద్దలారా,

మీ మాటకున్న బలంతో ఎన్నో ఊళ్లలో గుళ్లు లేచాయి, బడులు బాగుపడ్డాయి. కాదనను. అదే మాట దండుగగా, బహిష్కరణగా మారిన చోట ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. సాటింపు పడిన మర్నాటి నుంచి ఆ ఇంటికి కిరాణా దుకాణంలో ఉప్పు పుట్టదు. దున్నడానికి ట్రాక్టర్ రాదు, నాటుకు కూలీలు రారు. వాళ్లతో మాట్లాడినవాళ్లకూ జరిమానాయే. అదును తప్పి పంట పోతే ఏ కమిటీ పూడుస్తుంది? తప్పు చేశాడంటున్నది ఒక్కడు. శిక్ష ఇంట్లోని ముసలమ్మకూ బడిపిల్లలకూ.

2018 పంచాయతీరాజ్ చట్టంలో సర్పంచికి, గ్రామసభకు చోటుంది. శిక్షలు వేసే అధికారం మీకు ఏ చట్టమూ ఇవ్వలేదు. ఎస్సీ, ఎస్టీలను వెలివేయడం అట్రాసిటీ చట్టం కింద నేరం. ఎవరిని వెలివేసినా నేరమేనని, 3 ఏళ్ల దాకా జైలని మహారాష్ట్ర 2016లో ప్రత్యేక చట్టమే చేసింది. అలాంటిది మన దగ్గరా వచ్చేదాకా మీరు ఆగకూడదు.

అమల్లో ఉన్న బహిష్కరణలన్నీ వెంటనే ఎత్తేయండి, అదీ సాటింపు వేయించి. వసూలు చేసిన దండుగలు తిరిగివ్వండి. బెల్టుషాపుల వేలంతో సహా కమిటీకి వచ్చిన ప్రతి రూపాయి లెక్కా గ్రామసభలో చదవండి. తగాదా వస్తే పెద్దమనుషులుగా నచ్చజెప్పండి, అది మీకు చాతనవును. ఒప్పుకోనివాళ్లు ఠాణాకో కోర్టుకో పోతామంటే మాత్రం అడ్డు నిలవకండి.

ఇట్లు,
ఒక గ్రామ ఓటరు