వెయ్యి చూపుల కూలి

ప్రకటనల వ్యాపారంలో ధర వెయ్యి చూపులకు ఇంత అని కడతారు. సదాశివనగర్ మండలంలో బీడీలు చుట్టే స్త్రీలకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. వాళ్ళ కూలీ వెయ్యికే. ఫోన్‌లో రాస్తే, మెచ్చుకుంటే క్రిప్టో కాయిన్లు వస్తాయనే వేదికల గురించి మాట్లాడుతుంటే, "ఇంట్లనే కూసోని చేసుడు గదక్కా, అదీ బీడీల లెక్కనే" అన్నదొకామె. ఆమె ఆశతో అన్నది. నేను అదే మాటను ఆరోపణగా అంటున్నాను.

ఫేస్‌బుక్ లాంటి సంస్థలు మన చూపులను అమ్ముకుంటున్నాయి, మా దగ్గర మీరు కూలీలు కాదు, యజమానులు అంటాయి ఈ వేదికలు. మొదటి మాట నిజమే. రెండోదాన్ని 2016లో మొదలైన స్టీమిట్‌లో చూడొచ్చు. అక్కడ ఓటు విలువ ఓటు వేసినవారి కాయిన్లను బట్టి ఉంటుంది. పేదవాళ్ళు వందమంది మెచ్చుకున్నా పైసలు రాలవు, ఒక్క మోతుబరి మెచ్చుకుంటే రాలతాయి. తెలంగాణలో దీన్ని దొరతనం అంటాం. డబ్బు కట్టి ఓట్లు వేయించుకునే యంత్రాలు కూడా పుట్టుకొచ్చాయి. దాంతో ముందు వరుసలో కనబడే రాతలు చాలావరకు కొనుక్కున్న ప్రకటనలయ్యాయి. 2018లో కాయిన్ ధర పడిపోయేసరికి ఆ కంపెనీ నవంబరులో 70 శాతానికి పైగా సిబ్బందిని తీసేసి, ఖర్చుల కోసం మళ్ళీ మామూలు ప్రకటనలనే ఆశ్రయించింది. 2020లో కంపెనీ చేతులు మారాక, పెత్తనం కోసం జరిగిన పోరులో బైనాన్స్ లాంటి మారకపు సంస్థలు జనం తమ దగ్గర దాచుకున్న కాయిన్లతో ఓట్లు వేశాయి. ఇదేనా యాజమాన్యం?

మన దేశంలో కాయిన్ లేకుండానే ఈ ఎర వేశారు. నోయిడాలో 'సోషల్ ట్రేడ్' అనే వ్యాపారం ముందు వేల రూపాయలు కట్టించుకుని, ఒక్కో క్లిక్‌కు 5 రూపాయలు ఇస్తామంది. 2017 ఫిబ్రవరిలో అరెస్టులు జరిగినప్పుడు పోలీసులు చెప్పిన మొత్తం సుమారు 3,700 కోట్లు. పని చేయడానికి మనమే ఎదురు కట్టడమేమిటని లక్షలమందికి అనుమానం రాలేదంటే, ఇంటి నుంచి సంపాదన అన్న మాటకు ఎంత బలముందో చూడండి.

1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టే స్త్రీని కూడా కార్మికురాలిగా గుర్తించింది. బాగా లేవని బీడీలు తీసేస్తే తగాదా పెట్టుకునే దారి చూపింది. కాయిన్ వేదికలో ఖాతా మూసేస్తే ఏ కార్యాలయం మెట్లెక్కాలి? ప్రభుత్వం మాత్రం 2022 ఏప్రిల్ నుంచి కాయిన్ల లాభం మీద 30 శాతం పన్ను వేస్తోంది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకోనివ్వదు. పన్నుకు కనబడిన స్త్రీ రక్షణకు ఎందుకు కనబడదు?

కాయిన్లు కొనడానికి పొదుపు సంఘం అప్పు ఇవ్వొద్దని మా మండలంలో వాదిస్తున్నాను. మగవాళ్ళు ట్రాక్టర్‌కు అప్పు తెస్తే అడగని ప్రశ్న మమ్మల్నే ఎందుకు అడుగుతావని కొందరు నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ట్రాక్టర్ అమ్మితే ఎంతోకొంత చేతికొస్తుంది. స్టీమిట్‌లో ఓటు బలం కోసం కట్టిన కాయిన్లను పూర్తిగా వెనక్కి తీసుకోవడానికి ఏళ్ళపాటు 13 వారాలు పట్టేది. సంఘం కిస్తీ నెల నెలా కట్టాలి.