అప్పుడప్పుడూ పట్టే కత్తి

కొన్ని మాటలు పైకి ఎంతో సాధువుగా కనిపిస్తాయి. ‘అప్పుడప్పుడూ’ అన్నది అటువంటి మాట. అప్పుడప్పుడూ వీణ వాయించేవారిని, అప్పుడప్పుడూ పద్యం అల్లేవారిని మనం ఆదరిస్తాము. శస్త్రచికిత్స విషయంలో మాత్రం ఆ మాటలో ఎంత అపాయం దాగి ఉన్నదో బ్రిటన్ 1990లో బాహాటంగా చెప్పుకొన్నది. పదేళ్ల లోపు పిల్లల శస్త్రచికిత్సానంతర మరణాలను పరిశీలించిన జాతీయ విచారణ బృందం, శస్త్రవైద్యులు గాని, మత్తుమందు ఇచ్చే వైద్యులు గాని ఎప్పుడో ఒకసారి మాత్రమే పసివారి చికిత్సకు పూనుకోవడం తగదని ఆ ఏడాది నివేదికలో హెచ్చరించింది.

కారణం సులభగ్రాహ్యమే. శిశువు దేహంలోని వేడి త్వరగా జారిపోతుంది. పెద్దలకు లెక్కలోనికి రానంత రక్తస్రావం శిశువుకు ప్రాణాంతకం కావచ్చు. ఇటువంటి చికిత్సలో చేయి తిరగాలంటే ఆ పనిని తరచుగా చేస్తూ ఉండవలసిందే.

పిత్తనాళాలు మూసుకొనిపోయే శిశువుల సంగతి చూడండి. పుట్టిన రెండు వారాలు దాటినా వారికి కామెర్లు తగ్గవు, మలం పాలిపోతుంది. జపాను వైద్యుడు మోరియో కసాయి 1950లలో రూపొందించిన శస్త్రచికిత్సను తొలి వారాలలోనే చేయగలిగితే కాలేయం నిలిచే ఆశ ఉన్నది. ఈ వ్యాధి బహు అరుదు. ఏడాదికి ఒకటి రెండు కేసులు మాత్రమే చూసే ఆసుపత్రిలో నైపుణ్యం ఎలా పెరుగుతుంది? అందుచేత 1999 నుంచి ఇంగ్లండు, వేల్సులలో ఈ చికిత్సను లండన్, బర్మింగ్‌హామ్, లీడ్స్ నగరాలలోని మూడు కేంద్రాలకే పరిమితం చేశారు. అంతకుముందే, 1993లో, స్వీడన్ పిల్లల గుండె శస్త్రచికిత్సలను లుండ్, గోథెన్‌బర్గ్ నగరాలకు చేర్చింది. 1988–91 నడుమ నూటికి 9.5గా ఉన్న మరణాలు 1995–97 నాటికి 1.9కి దిగివచ్చాయి.

అయితే అన్ని వ్యాధులూ ప్రయాణానికి ఓర్చవు. వృషణం మెలిపడిన బాలునికి దాదాపు ఆరు గంటలలోగా శస్త్రచికిత్స జరగకపోతే ఆ అవయవం దక్కడం కష్టం. అతనికి సమీపంలోని జిల్లా ఆసుపత్రే దిక్కు. కాని 1990 తరువాత ఇంగ్లండులోని జిల్లా ఆసుపత్రులలో పిల్లల మామూలు శస్త్రచికిత్సలు సైతం తగ్గుతూ వచ్చాయి. పెద్ద కేంద్రాలపై భారం పెరిగింది. జిల్లా వైద్యునికి అలవాటు తప్పింది. ఒక మంచి సలహా హద్దు దాటితే తాను నివారించదలచిన ‘అప్పుడప్పుడూ’నే మరోచోట పుట్టిస్తుందన్నమాట. జిల్లా ఆసుపత్రులను, నిపుణ కేంద్రాలను ఒకదానితో ఒకటి ముడివేసి, వైద్యులకు ఎడతెగని శిక్షణ కల్పించాలన్న ఆలోచన దీనినుంచే బలపడింది.

తల్లిదండ్రులు ఆసుపత్రి ఎంత దూరమని అడుగుతారు. ప్రభుత్వం మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి: ఈ పనిని అక్కడివారు ఎంత తరచుగా చేస్తారు? ఏ వ్యాధికి ఏ ప్రశ్న ముందు రావాలో తేల్చడమే పిల్లల శస్త్రవైద్య వ్యవస్థకు పునాది.