సింహాద్రిపురం పద్మనాభం

ఈ నెల ఒక హాస్యనటుని గూర్చి వ్రాస్తున్నాను. మన పత్రికలో సినిమావాళ్ల సంగతులు ఎందుకని పెద్దలు కొందరు అనవచ్చు. చదివిన తరువాత అనండి.

పద్మనాభం మన సీమ బిడ్డ. పూర్తి పేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. 1931 ఆగస్టు 20న కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టారు. చిన్ననాటి నుండి పద్యమంటే ప్రాణం. ఆ గొంతునే నమ్ముకొని, మీసాలైనా రాని వయసులో మద్రాసు చేరారు. నటి కన్నాంబ గారి ఇంట ఆశ్రయం దొరికింది. 1945లో వచ్చిన 'మాయలోకం'తో సినిమాల్లో అడుగుపెట్టారు. 'పాతాళభైరవి' (1951)లో మాంత్రికుని శిష్యుడు సదాజపుణ్ణి చూసి టెంటు హాల్లో నేలమీద కూర్చుని నవ్వినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. ఆ శిష్యుడు ఈయనే.

నవ్వించేవానికి రాగజ్ఞానం ఏముంటుందిలే అనుకుంటాము. అది పొరపాటు. పద్మనాభం నాటక సమాజం నడిపారు, సినిమాలు తీశారు. ఎన్.టి. రామారావు, సావిత్రి నటించిన 'దేవత' (1965) ఆయన తీసినదే. తరువాత 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' తీసేటప్పుడు సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఒక ఇరవై ఏళ్ల విద్యార్థిని తెచ్చారు. పేరున్న గాయకులుండగా కొత్త గొంతుకు డబ్బు పెట్టడం నిర్మాతకు చిన్న సంగతి కాదు. పద్మనాభం సరేనన్నారు. 1966 డిసెంబరు 15న ఆ పాట రికార్డు అయ్యింది. ఆ విద్యార్థే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం.

తొలకరి పడితే మన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వెదుకుతారు గదా. దొరికిన వజ్రం దొరికినవాని చేతిలో ఎన్నాళ్లు నిలుస్తుందో మనకు తెలుసు. బాలు గొంతు లోకమంతటిదీ అయింది. పద్మనాభం స్వయంగా దర్శకత్వం వహించిన 'కథానాయిక మొల్ల' (1970)కు బంగారు నంది వచ్చింది. అయితే బహుమానాలు అప్పులు తీర్చవు. ఆ తరువాత తీసిన చిత్రాలు నష్టం తెచ్చాయి, సంపాదించినది కరిగిపోయింది. ఒకప్పుడు తానే నిర్మాతగా పదిమందికి పనిచ్చిన మనిషి మళ్లీ చిన్న వేషాలకు వెళ్లారు. నాకు అన్నిటికంటె గొప్పగా తోచేది ఇదే. ముఖానికి రంగు వేసుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

2010 ఫిబ్రవరి 20న చెన్నైలో కన్నుమూశారు. పది సంవత్సరాల తరువాత, 2020 సెప్టెంబరు 25న బాలు కూడా వెళ్లిపోయారు. ఈసారి రేడియోలో బాలు పాత పాట వస్తే, పిల్లలకు సింహాద్రిపురం పేరు కూడా చెప్పండి.