మిగిలిన మాంసం కూర దాచే పద్ధతి

ఆదివారం చుట్టాలొస్తారంటే మా తడలో వేటమాంసం కాస్త ఎక్కువే వండుతాం. మిగిలితే "పొద్దున వెచ్చబెట్టుకుందాంలే" అని పొయ్యి మీదే వదిలేస్తాం. నేనూ అలాగే చేసేదాన్ని. ఒకసారి అలా ఉంచిన కూర బాగా మరిగించే పెట్టాను. వాసన మారలేదు, రుచీ చెడలేదు. మధ్యాహ్నానికల్లా పిల్లవాడికి వాంతులు! బయట ఉంచిన కూరలో కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం మరిగించినా పోదని డాక్టరుగారు చెబితే గానీ తెలియలేదు.

అందుకని వండిన రెండు గంటల్లోపే కూరను వెడల్పాటి గిన్నెల్లో పలచగా సర్ది, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజులు దాటనివ్వకండి. ఆ పూటకు కావలసినంతే తీసి, పొగలు వచ్చేదాకా వేడిచేయండి. వేపుడైతే రెండు చెంచాల వేడినీళ్లు చల్లి, మూతపెట్టి సన్నని సెగమీద ఉంచితే ముక్క గట్టిపడదు.

కొంచెమే మిగిలిందా? ముక్కలు సన్నగా తరిగి, ఉల్లిపాయ, మిరియాలపొడితో బాగా వేయించి దోసెపై పరచండి. పులుసైతే రాగిసంగటిలోకి భేషుగ్గా ఉంటుంది. కరెంటు పోయి ఫ్రిజ్ నాలుగు గంటలకు పైగా ఆగిందంటే మాత్రం ఆశపడకుండా పారేయండి. కూర పోతే మళ్లీ వండుకోవచ్చు కదండీ!