పసరుమందును పచ్చకామెర్లును

కన్నులు పచ్చబడినంతనే రోగిని వైద్యుని కడకు గాక పసరు పోయువాని యింటికి గొనిపోవుట మన యూళ్లలో నాచారమై యున్నది. పరగడుపున నేలయుసిరి పసరును మజ్జిగలో కలిపి త్రాగింతురు. ఉప్పును నూనెను మాన్పింతురు. కొన్నియెడల మణికట్టున వాతలు పెట్టుదురు, కన్నులలో పసరు పిండుదురు. రోగి కోలుకొనెనా, కీర్తి పసరుది. మరణించెనా, నేరము పథ్యము తప్పిన రోగిది. ఇట్లెన్నటికిని ఓడిపోని మందును మేము మందనజాలము.

“మా తాతకు కుదిరినది, మా మేనమామకు కుదిరినది” అని పసరు పక్షమువారు వాదింతురు. కుదిరినమాట నిజమే. కాని కామెర్లు పెక్కు రోగములకు గల యొక లక్షణమేగాని యొక్క రోగము గాదు. కాలేయమును పట్టు వైరసులలో ‘ఏ’, ‘ఈ’ యనునవి మలినజలమువలన వ్యాపించును. 1955-56లో ఢిల్లీ నగరపు త్రాగునీటిలో మురుగు కలియుటచే దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చినవి. ఈ రెండును సోకినవారిలో అత్యధికులు ఏ మందును లేకయే కొన్ని వారములలో కోలుకొందురు. తన కోడియు కుంపటియు లేనిదే యూరు తెల్లవారదనుకొన్న ముసలమ్మకును, ఈ కీర్తిని మూటగట్టుకొను పసరుకును భేదమేమి?

అందరకును తెల్లవారిన బాగుండెడిది. నెలలు నిండవచ్చిన గర్భిణికి ‘ఈ’ వైరసు సోకినచో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణింతురు. ఆమెను పసరువాని యరుగుపై కూర్చుండబెట్టిన ప్రతిదినమును ఆమె ప్రాణముతో ఆడిన జూదమే. ఇక ‘బీ’, ‘సీ’ వైరసులు రక్తమువలన వ్యాపించును. ‘బీ’ తల్లినుండి బిడ్డకును సంక్రమించును. ఇవి దీర్ఘరోగములై పరిణమించినచో పచ్చదనమేమియు లేకయే యేండ్లతరబడి దాగియుండి, కాలేయమును గట్టిపరచి, క్యాన్సరును కూడ తెచ్చును. కన్నులు తెల్లబడినవి గదా యని సంతసించి పోయిన రోగి లోపలి శత్రువు నెట్లు కనుగొనును?

మేము ఆయుర్వేదమునకు శత్రువులము గాము. ఆప్తవాక్యముతోబాటు ప్రత్యక్షమును, అనుమానమును, యుక్తిని పరీక్షలుగ చెప్పినది చరకసంహితయే. నేలయుసిరియు పరీక్షింపబడినది. 1988లో మద్రాసు పరిశోధకులు ప్రకటించిన ఫలితములలో ఈ మందు పుచ్చుకొన్న 37 మంది ‘బీ’ రోగులలో 22 మంది రక్తమున వైరసు చిహ్నము మాయమయ్యెను. లోకమంతయు ఆశపడినది. కాని తరువాతి పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. 2011లో పరీక్షలన్నిటిని కూర్చి చూచిన సమీక్షకు నమ్మదగిన నిదర్శనము దొరకలేదు. మూలికను గౌరవించుట యనగా నిట్లు పరీక్షించుటయేగాని, పరీక్షకు వెఱచి పూజించుట గాదు.

పసరు పోయువాడు డబ్బడుగడు, చేరువనుండును, ఆదరముతో పలుకును; ఆసుపత్రి దూరము, అచ్చట కసరువారు పెక్కురు. ఈ యాక్షేపణ న్యాయమైనది. దీనికి సిగ్గుపడవలసినది పేదవాడు గాదు, విద్యావంతులమైన మనము. ‘బీ’ వైరసును వారించు టీకాను హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే చౌకగ తయారుచేసి యమ్మినది. దానిని పుట్టిన 24 గంటలలో బిడ్డకు వేయవలయును. ‘సీ’ సోకినవారిలో నూటికి 95 మందికి పైగా సాధారణముగ 12 వారముల మాత్రలతో స్వస్థులగుదురు. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమున ప్రభుత్వాసుపత్రులలో పరీక్షయు చికిత్సయు ఉచితమే. ఈమాట పల్లెకు చేర్చినవారము మనలో నెందరము?

చదువరులారా! మీ వీధిలో నెవరి కన్నులైన పచ్చబడినచో వాదమునకు దిగకుడు. ఆనాడే వెంటబెట్టుకొనిపోయి రక్తపరీక్ష చేయింపుడు. గర్భిణియైనచో గడియయైన జాగు చేయకుడు. పిమ్మట ఆ వీధి త్రాగునీటి గొట్టము మురుగు కాలువలోనుండి పోవుచున్నదేమో చూడుడు. పసరు పోయుటకన్న ఇది కష్టమైన పని. కావుననే దీనిని మనము చేయవలయును.