ఫాంటేన్ కీర్తికి కొలబద్ద యేది?

2023వ సంవత్సరము మార్చి 1వ తేదీన ఫ్రెంచి ఫుట్‌బాలు వీరుడు జస్ట్ ఫాంటేన్ 89 యేండ్ల ప్రాయమున కాలధర్మము నొందెను. ఆయనను స్మరించినవారిలో పెక్కుమంది పదుమూడు అను అంకెతో మొదలిడి దానితోనే ముగించిరి. ఆ యంకెను మించిన కార్యమొకటి ఆయన జీవితమున కలదనియు, దానిని పాఠకు లెరుంగుట యావశ్యకమనియు మేము తలంచుచున్నాము.

పదుమూడును తక్కువ చేయుట మా యుద్దేశము గాదు. 1958లో స్వీడనులో జరిగిన ప్రపంచకప్పు పోటీలలో ఫాంటేన్ ఆరు ఆటలలో 13 గోల్స్ చేసెను. పరాగ్వేపై మూడు, మూడవ స్థానమునకై జరిగిన ఆటలో పశ్చిమ జర్మనీపై నాలుగు అందులో చేరియున్నవి. తన జోడు పాడైపోగా తోటి యాటగాని జోడు నెరువు పుచ్చుకొని ఆయన ఈ ఘనకార్యము సాధించెను. బంతి నందించుటలో రేమండ్ కోపా చూపిన నేర్పునకు ఆ కీర్తిలో పాలు కలదు. నాటినుండి 2022 వరకు జరిగిన ఏ ప్రపంచకప్పునందును ఒక్క పోటీలో ఇన్ని గోల్స్ చేసినవాడు మరియొకడు లేడు. 2022లో అందరికంటె మిన్నగా నిలిచిన కిలియన్ ఎంబాపే చేసినవి ఎనిమిది. ఫ్రాన్సు పక్షమున ఫాంటేన్ ఆడిన ఆటలు 21, చేసిన గోల్స్ 30.

అట్టి వీరుని క్రీడాజీవితము ఎంత స్వల్పకాలమున ముగిసినదో చూడుడు. 1960లో ఆయన కాలు విరిగెను. కోలుకొని మరల మైదానమున కాలిడినంతనే 1961 ఆరంభమున అది తిరిగి విరిగెను. 1962లో, 28 యేండ్ల వయస్సున, ఆయన ఆటనుండి విరమింపవలసి వచ్చెను. ఆటగానికి దేహమే మూలధనము. ఆ మూలధనము ఒక్క క్షణమున నశించినచో వాని గతి యేమి? ఈ ప్రశ్న ఫాంటేనునకు స్వానుభవము వలన తెలిసినది.

ఆ కాలమున ఫ్రాన్సులో వృత్తి యాటగాండ్ర స్థితి యెట్టిదో నేటివారికి వినుటకే వింతగా నుండును. ఒకసారి క్లబ్బుతో ఒడంబడిక వ్రాసినవాడు 35 యేండ్లు నిండువరకు దానికి కట్టువడి యుండవలసినదే. క్లబ్బు తన యిచ్చవచ్చినపుడు వానిని వేరొక క్లబ్బునకు అమ్ముకొనవచ్చును. తన యిష్టము చొప్పున పోవుటకు ఆటగానికి మాత్రము హక్కు లేదు. పశువుల సంతలో ఎద్దును అడిగి బేరమాడువా రెవరు? 1961 నవంబరులో, విరిగిన కాలు ఇంకను బాధించుచుండగనే, ఫాంటేన్ కామెరూను దేశమున బుట్టిన యూజీన్ ఎన్‌జో లెయా మొదలగువారితో గూడి వృత్తి యాటగాండ్ర జాతీయ సంఘమును స్థాపించి, దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను.

జనుల జేజేలును, జీతమును పొందువారికి సంఘ మెందులకని ఆక్షేపించువారు నాడును కలరు, నేడును కలరు. జీతము హెచ్చినంత మాత్రమున దాస్యము దాస్యము గాకపోదని మా సమాధానము. 1963లో కోపా ఆటగాండ్రు బానిసలని బాహాటముగా పలికినందులకు పాలకవర్గము ఆయనపై శిక్ష విధించెను. నిజము పలికినవానిని దండింపవలసి వచ్చుటయే ఆ విధానము లోని దోషమును చాటుచున్నది. ఎట్టకేలకు 1969లో గడువు గల ఒడంబడికలు అమలులోనికి వచ్చినవి. 1972లో యాజమాన్యములు వానిని తొలగింప జూడగా ఆటగాండ్రు సమ్మె సలిపి ఆ హక్కును నిలుపుకొనిరి.

ఇక శిక్షకుడుగా ఫాంటేన్ యోగ్యతను గూర్చి లోకము కఠినముగనే తీర్పు చెప్పినది. 1967లో ఆయన ఫ్రాన్సు జట్టునకు శిక్షకుడయ్యెను. రుమేనియాతోను, సోవియట్ రష్యాతోను జరిగిన రెండు స్నేహపూర్వకపు ఆటలలో జట్టు ఓడెను. అంతటితో ఆయన ఉద్యోగమును ముగిసెను. రెండాటలు చూచి శిక్షకుని సామర్థ్యము నిర్ణయించుట, మొలక నాటిన మరునాడే ఫలము లేదని పెరికివేయుట వంటిది. ఆటగాండ్రకు గడువు గల ఒడంబడిక కావలెనని పోరాడిన మనుష్యునకు తన పనిని చూపించుకొనుటకు తగిన గడువు దొరకకపోవుట విపరీతము గాదా? అవకాశము కలిగినచోట ఆయన ఫలము చూపకపోలేదు. 1974లో పారిస్ సాంజెర్మాఁ జట్టు ఆయన నాయకత్వమున ప్రథమశ్రేణి కెక్కినది. 1980లో ఆఫ్రికా దేశముల కప్పు పోటీలో ఆయన శిక్షణ నొందిన మొరాకో మూడవ స్థానము గడించెను. ఫాంటేన్ 1933లో మరాకెష్ నగరమున జన్మించినపుడు ఆ దేశము ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను, 1956లో స్వతంత్రమయ్యెను. పాలకజాతికి జెందిన వాని బిడ్డ, స్వతంత్రదేశము పిలువగా వచ్చి దానికి పనిచేయుట ఉభయులకును గౌరవమే. ఆ జట్టు 1982 ప్రపంచకప్పునకు అర్హత పొందలేకపోయిన మాట నిజమే. గొప్ప యాటగాడు గొప్ప శిక్షకుడు కావలెనను నియమ మేదియు లేదు. గోలు చేయు చురుకుదనము ఒకటి, పదునొకండుగురిని నడపు ఓర్పు మరియొకటి.

కావున ఫాంటేనును కొలుచునపుడు గోల్స్ ఒక తట్టలోను, ఓటములు మరియొక తట్టలోను వేసి తూచుట చాలదని మా యభిప్రాయము. ఆ 13 గోల్స్ ఎన్నడైన నొకడు మించవచ్చును. దానికి మనము సంతోషింపవలసినదే. కాని తనకు ఆట దక్కదని తెలియుచున్న వేళ, ఇక ముందు ఆడబోవు వారి కొరకు ఆయన నిలిపిన సంఘము నేటికిని పనిచేయుచున్నది. ఫ్రాన్సులో నేడు ఒడంబడిక తీరినంతనే తన దారిని తాను చూచుకొనగల ప్రతి యాటగాడును ఫాంటేనునకు ఋణపడియున్నాడు. ఆయన గోల్సును లెక్కించువారు ఈ ఋణమును గూడ లెక్కలో వేయుదురు గాక.